రోమ్‌లో మూడు రోజులు: పెద్దవాళ్లతో వెళ్తే ఏం చూడాలి, ఏం వదిలేయాలి

మీరు అడిగింది ఇదీ: మ్యూనిక్‌లో ఉంటున్నారు. జూన్ ఆఖరి వారంలో గుంటూరు నుంచి వచ్చే అమ్మానాన్నల్నీ, పదేళ్ల పాపనీ తీసుకుని మూడు రోజులు రోమ్ వెళ్దామనుకుంటున్నారు. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. నాన్నగారికి చరిత్ర అంటే ప్రాణం. ఇరవైకి పైగా చోట్ల జాబితా రాసుకుని, ఇవన్నీ మూడు రోజుల్లో అవుతాయా, టూరిస్టు బస్సు పాస్ తీసుకుంటే నయమా అని అడిగారు.

అవ్వవు. బస్సు పాస్ కూడా వద్దు. నేను చాలా ఏళ్లుగా రోమ్‌లోనే ఉంటున్నాను, మన వాళ్లు ఎవరొచ్చినా వెంట తిప్పేది నేనే. అందుకే చెబుతున్నాను, ఆ జాబితాలో సగానికి పైగా కొట్టేయండి. సమయం చాలకపోవడం ఒక్కటే కాదు దీనికి కారణం. ఇరవై చోట్ల ముందు నిలబడి ఫోటో తీసుకున్నవాళ్లకి రోమ్ అంటే విరిగిన స్తంభాలు, ఎండ, క్యూలు. అంతకుమించి ఏమీ గుర్తుండదు. నాలుగైదు చోట్ల మాత్రం నిదానంగా నిలబడి, కాళ్ల కింద నేల ఏ ఎత్తులో ఉందో చూసుకున్నవాళ్లకి ఈ ఊరు అర్థమవుతుంది.

నేల ఎత్తు అంటున్నానేమిటి అనుకోకండి, రోమ్ కిటుకంతా అక్కడే ఉంది. గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల దగ్గర పాటిదిబ్బలు నాన్నగారు చూసే ఉంటారు. ఒకప్పటి ఊరు కూలి, మట్టి కప్పుకుని, దాని మీద మళ్లీ జనం ఇళ్లు కట్టుకుంటే అయిన దిబ్బలు. రోమ్ మొత్తం అలాంటిదే. అయితే ఇక్కడి జనం ఊరు వదిలి పూర్తిగా ఎప్పుడూ పోలేదు. సామ్రాజ్యం వెలిగిన రోజుల్లో జనాభా పది లక్షల దాకా ఉండేదని అంచనా. 537లో గోత్‌లనే జర్మానిక్ తెగవాళ్లు నగరాన్ని ముట్టడించి నీటి కాలవలు తెగ్గొట్టాక, ఆ తర్వాతి కాలంలో అది కొన్ని పదుల వేలకి పడిపోయింది. మిగిలినవాళ్లు నది వంపులో సర్దుకుని, పాత గోడల మధ్యే కాపురాలు పెట్టారు. టైబర్ నది పొంగినప్పుడల్లా ఒండ్రు పేరుకుంది. కూలిన భవనాల రాళ్లు అక్కడే ఉండిపోయాయి. 1870 వరదల తర్వాత గానీ నదికి ఇప్పుడు కనిపిస్తున్న ఎత్తయిన గట్లు కట్టలేదు. అలా శతాబ్దాల పాటు నేల మీటర్ల లెక్కన పైకి లేచింది. ఎక్కడ మెట్లు దిగుతున్నా, ఎక్కడ కంచె మీంచి కిందికి తొంగి చూస్తున్నా, మీరు పాత కాలంలోకి చూస్తున్నారన్నమాట.

ఇది ఒక్క చోటే కళ్లకు కట్టినట్టు చూడాలంటే సాన్ క్లెమెంతె చర్చికి వెళ్లండి. కొలోసియం నుంచి నడిచి వెళ్లగలిగేంత దగ్గర. మీ జాబితాలో ఇది లేదు. నా మాట విని మొదటి రోజునే పెట్టుకోండి. పై అంతస్తులో ఉన్నది పన్నెండో శతాబ్దపు చర్చి. లోపల గోపురం మీద బంగారు రంగు మొజాయిక్‌లో శిలువ చుట్టూ తీగలు అల్లుకుని, కింద జింకలు నీళ్లు తాగుతుంటాయి. పక్క నుంచి మెట్లు దిగితే నాలుగో శతాబ్దపు చర్చి, గోడల మీద వెలిసిపోయిన పాత చిత్రాలు. ఇంకా దిగితే ఒకటో శతాబ్దపు రోమన్ కట్టడాలు, వాటి మధ్య ఇరుకు సందు, మిత్రాస్ అనే దేవుణ్ని కొలిచిన చిన్న గుహలాంటి గుడి. ఆ అడుగు భాగంలో కాసేపు మాట్లాడకుండా నిలబడితే నేల కింద నీళ్లు పారుతున్న చప్పుడు వినిపిస్తుంది. పాపకి ఇది బాగా నచ్చుతుంది. 1857 దాకా పై చర్చి కింద ఇంకో చర్చి ఉందని ఎవరికీ తెలియదు. ఇక్కడి ఐరిష్ సన్యాసులు తవ్వితే బయటపడింది. పై చర్చికి టికెట్ లేదు, కింద భాగానికే ఉంది. అమ్మగారు మెట్లు దిగలేకపోతే పైన చల్లగా కూర్చుని ఆ మొజాయిక్ చూస్తూ ఉండొచ్చు, అదేమీ తక్కువ కాదు. మధ్యాహ్నం కొన్ని గంటలు మూసేస్తారు, ఆదివారం ఉదయం ప్రార్థనలుంటాయి. వేళలు చూసుకుని వెళ్లండి.

కొలోసియం ఎలాగూ వదలరు, వదలక్కర్లేదు కూడా. టికెట్ మాత్రం అధికారిక వెబ్‌సైట్‌లోనే, సుమారు నెల ముందు అమ్మకం తెరవగానే కొనేయండి. టికెట్ మీద పేరు ఉంటుంది, గేటు దగ్గర పాస్‌పోర్టు చూపించాలి. పొద్దున మొదటి స్లాట్ తీసుకోండి. పది దాటితే లోపల రాళ్లు వేడెక్కిపోతాయి. పై అంతస్తుకి లిఫ్ట్ ఉంది, మోకాళ్ల సంగతి చెప్పి సిబ్బందిని అడగండి.

లోపలికి వెళ్లే ముందు నాన్నగారికి ఒక సంగతి చెప్పండి. ఆ స్థలంలో మొదట ఉన్నది నీరో చక్రవర్తి తన విలాస భవనం కోసం తవ్వించుకున్న కృత్రిమ చెరువు. అతను చనిపోయాక వెస్పేసియన్ చక్రవర్తి ఆ చెరువు ఎండగట్టి, జనం కోసమని దీన్ని మొదలుపెట్టాడు. క్రీ.శ. 80లో అతని కొడుకు టైటస్ ప్రారంభించాడు. ఒక్కడి సొంత చెరువు ఉన్నచోట ఊరంతటికీ ఆటస్థలం కట్టడం గొప్ప రాజకీయం. బయటి గోడ నిండా కనిపించే గుంటల గురించి పాప తప్పకుండా అడుగుతుంది. రాళ్లని కలిపి పట్టిన ఇనుప బిగింపుల్ని మధ్యయుగాల్లో జనం లోహం కోసం పెకలించుకుపోయారు, ఆ గుంటలు అవే. ఆర్చీల పైన చెక్కిన రోమన్ అంకెలు ప్రవేశ ద్వారాల నంబర్లు. పాపకి రోమన్ అంకెలు వస్తే వాటిని వెతకమనండి.

అదే టికెట్ మీద ఫోరమ్ (పాత రోమ్ నడిబొడ్డు చౌకు శిథిలాలు), దాని పక్కనే ఉన్న పాలటైన్ కొండ కూడా ఉంటాయి. ఇక్కడే చాలామంది పెద్దవాళ్లని ఇబ్బంది పెడతారు. ఫోరమ్‌లో దారులు ఎగుడుదిగుడు నల్లరాళ్లు, నీడ దాదాపు ఉండదు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిని జూన్ మిట్టమధ్యాహ్నం అక్కడ నడిపించకండి. మీరూ నాన్నగారూ ఒక గంట లోపల తిరిగి రండి. అమ్మగారికి ఫోరి ఇంపీరియాలి అనే వెడల్పాటి రోడ్డు ఫుట్‌పాత్ మీంచే సగం ఫోరమ్ కనిపిస్తుంది. సాయంత్రమైతే మైకెలాంజెలో రూపకల్పన చేసిన కాంపిదోల్యో చౌకు ఎక్కి, సెనేట్ భవనం పక్క సందులోంచి వెనక్కి వెళ్తే ఫోరమ్ మొత్తం కింద పరుచుకుని ఉంటుంది. అక్కడ టికెట్ లేదు. పైకి వెళ్లే మెట్లు వాలుగా, వెడల్పుగా ఉంటాయి, నిదానంగా ఎక్కొచ్చు.

ఫోరమ్‌లో ఒక్కటి మాత్రం తప్పకుండా చూడండి. ఆంటోనినస్, ఫౌస్టీనాల గుడి. చక్రవర్తి తన భార్య చనిపోయాక 141లో ఆమె కోసం కట్టించాడు. తర్వాత అదే చర్చి అయ్యింది. పెద్ద స్తంభాల వెనక చర్చి తలుపు ఉంటుంది, కానీ గడప నేలకి ఎంతో ఎత్తున గాలిలో వేలాడుతుంటుంది. ఎవరూ ఎక్కలేరు. ఆ తలుపు పెట్టిన నాటికి నేల అంత ఎత్తులో ఉండేది మరి! తర్వాత తవ్వకాల్లో మట్టి తీసేస్తే తలుపు పైన ఉండిపోయింది. ఒకప్పుడు ఈ ఫోరమ్‌లో ఆవులు మేసేవి, జనం దీన్ని ఆవుల మైదానం అనే పిలిచేవాళ్లు. దగ్గర్లోనే ట్రాజన్ చక్రవర్తి స్తంభం ఉంది, 113 నాటిది. ఇది సరిగ్గా దీనికి తిరగబడిన కథ. అక్కడ కొండని తొలిచి చౌకు కట్టారు, ఎంత ఎత్తు కొండ తీశారో చూపడానికే ఈ స్తంభమని దాని పీఠం మీది శాసనం చెబుతోంది. రోడ్డు మీంచే చూడొచ్చు.

నాన్నగారికి ఇంకో ముచ్చట. కొలోసియం నుంచి ఫోరమ్ వైపు వస్తుంటే మూడు భారీ కమాన్లతో మాక్సెంటియస్ బసిలికా కనిపిస్తుంది. దాని కింద డొమీషియన్ చక్రవర్తి కాలపు మిరియాల గిడ్డంగులు ఉన్నాయి. ఆ మిరియాలు ఎర్ర సముద్రం మీదుగా మన దేశం నుంచి వచ్చినవే. భారతదేశం ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) పట్టుకుపోతోందని రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. మిరియాలు పశ్చిమ తీరానివే అనుకోండి, కానీ ఆ డబ్బులో కొంత మన వైపుకీ చేరింది. నాగార్జునకొండలో, కొండాపూర్‌లో, పెద్దబంకూరులో రోమన్ నాణేలు దొరికాయి. అప్పటి గ్రీకు నావికుడి యాత్రా గ్రంథంలో కృష్ణా తీరం మసాలియా పేరుతో, సన్నని నూలు బట్టలకి పేరున్న చోటుగా ఉంది. గుంటూరు నుంచి వచ్చిన మనిషి ఆ గిడ్డంగి ముందు నిలబడితే రోమ్ పరాయి ఊరని అనిపించదు.

రెండో రోజు పొద్దున్నే వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ చర్చి. ఏడింటికి తెరుస్తారు, ఆ వేళకే అక్కడ ఉండండి. చర్చిలోకి ప్రవేశం ఉచితం, సెక్యూరిటీ తనిఖీ దగ్గరే క్యూ. తొమ్మిది దాటితే ఆ క్యూ ఎండలో చౌకు చుట్టూ తిరుగుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. అమ్మగారి చీరతో ఏ ఇబ్బందీ లేదు, కొంగు భుజాల చుట్టూ కప్పుకుంటే చాలు. షార్ట్స్‌తో వచ్చే మగవాళ్లని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. లోపల కుడివైపు మొదట్లోనే మైకెలాంజెలో పియెతా (చనిపోయిన యేసుని ఒళ్లో పెట్టుకున్న మేరీ శిల్పం) ఉంది, ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల వయసులో చెక్కాడు. 1972లో ఒకడు సుత్తితో కొట్టాక అద్దం వెనక పెట్టారు. గోపురం పైకి మొత్తం 551 మెట్లు. లిఫ్ట్ సగం వరకే, ఆ పైన ఇంకా 320 ఎక్కాలి, అవి కూడా ఇరుకు మెట్లు. అమ్మగారి కోసం కొట్టేయాల్సిన వాటిలో ఇది మొదటిది. బుధవారం పొద్దున పోప్ సభ ఉంటే మధ్యాహ్నం దాకా చర్చిలోకి వెళ్లనివ్వరు, అందుకని బుధవారం పెట్టుకోవద్దు.

వాటికన్ మ్యూజియాలు వేరే టికెట్, వేరే గేటు. సిస్టీన్ చాపెల్ చేరాలంటే వాటి గదులన్నీ దాటాలి. ఆ గుంపులో ఆ నడక అమ్మగారి వల్ల కాదని నా నమ్మకం. మూడో రోజు మీరూ నాన్నగారూ వెళ్లండి, అమ్మగారూ పాపా విశ్రాంతి తీసుకోనివ్వండి. చాపెల్‌లోకి అడుగు పెట్టగానే గోడ పక్క బెంచీల మీద చోటు చూసుకుని కూర్చోండి. నిలబడి మెడ పైకెత్తితే ఐదు నిమిషాలు కూడా చూడలేరు. పైకప్పు చిత్రాలు మైకెలాంజెలో 1508 నుంచి 1512 దాకా వేసినవి, ఎదురు గోడ మీది తుది తీర్పు అనే అతని చిత్రం 1536లో మొదలై 1541లో పూర్తయింది. రెంటి మధ్య పాతికేళ్ల దూరం ఉంది. పైకప్పు మీది మనుషుల్లో ఉన్న ధీమా గోడ మీదికి వచ్చేసరికి భయంగా మారింది. అది పోల్చి చూసుకోండి. ఫోటోలు తీయనివ్వరు, మాట్లాడనివ్వరు.

నాకు ఈ ఊళ్లో అన్నిటికన్నా ఇష్టమైనది పాంథియన్. అమ్మగారికి కూడా ఇదే సరైనది, ఎందుకంటే ఎక్కాల్సిన మెట్లు లేవు. ఒకప్పుడు ముందు మెట్లు ఉండేవి. ఊరి నేల లేచాక ఇప్పుడు చౌకు నుంచే కిందికి వాలుగా దిగి వెళ్తాం. ముఖద్వారం మీద అగ్రిప్పా అనే రోమన్ సేనాని పేరుంది గానీ, ఇప్పుడున్న కట్టడం అతని తర్వాత వచ్చిన హేడ్రియన్ చక్రవర్తి కాలానిది. గోపురం వెడల్పు 43.3 మీటర్లు, నేల నుంచి గోపురం శిఖరానికి ఎత్తూ అంతే. అంటే లోపల ఒక పెద్ద బంతి సరిగ్గా పడుతుంది. ఇనుప కడ్డీ లేని కాంక్రీటుతో ఇంత పెద్ద గోపురం ప్రపంచంలో ఇంకోటి లేదు. కింద వరసల్లో బరువైన రాయి, పైకి పోయేకొద్దీ తేలికైన అగ్నిపర్వత రాయి కలిపారు, అందుకే నిలబడింది. పైన దాదాపు తొమ్మిది మీటర్ల గుండ్రటి కంత, దానికి మూత లేదు. వాన పడితే లోపలే పడుతుంది, నేల మీది చిన్న రంధ్రాల్లోంచి పోతుంది. మధ్యాహ్నం ఎండపొద్దు గోడ మీద కదలడం చూస్తూ అరగంట కూర్చోండి. 609లో చర్చి అయ్యింది కాబట్టే దీన్ని ఎవరూ కూలగొట్టలేదు. చిత్రకారుడు రాఫెల్ సమాధి ఇక్కడే. 2023 నుంచి చిన్న టికెట్ పెట్టారు.

పాంథియన్ చుట్టుపక్కల ఒక సాయంత్రమంతా గడిపేయొచ్చు, అన్నీ నడక దూరమే. వెనక చౌకులో శిల్పి బెర్నీనీ రూపం ఇచ్చిన ఏనుగు ఉంది, వీపు మీద ఈజిప్టు రాతిస్తంభం మోస్తుంటుంది. పాపకి చూపించండి. దగ్గర్లో ఫ్రెంచివాళ్ల చర్చిలో చిత్రకారుడు కారవాజ్యో వేసిన సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడు ఉన్నాయి, టికెట్ లేదు. చీకటిగా ఉంటే పెట్టెలో నాణెం వేస్తే దీపం వెలుగుతుంది. అక్కడి నుంచి నవోనా చౌకు. ఆ పొడుగాటి ఆకారం డొమీషియన్ కట్టించిన పరుగుపందాల మైదానానిది. ప్రేక్షకుల వరసల మీదే ఇప్పటి ఇళ్లు లేచాయి. మధ్యలో బెర్నీనీ 1651లో పూర్తి చేసిన నాలుగు నదుల ఫౌంటెన్. నైలు, డాన్యూబ్, లా ప్లాటా, నాలుగోది మన గంగ. చేతిలో తెడ్డు పట్టుకున్న విగ్రహమే గంగ, పడవలు నడిచే నది అని చెప్పడానికి. నైలు పుట్టుక అప్పటికి తెలియదు గనుక ఆ విగ్రహం ముఖానికి ముసుగు వేశారు.

ట్రెవీ ఫౌంటెన్ పొద్దున ఆరింటికి చూస్తే అందం, ఆ తర్వాత గుంపు. అందులోకి వచ్చే నీళ్లు క్రీస్తుపూర్వం 19లో అగ్రిప్పా కట్టించిన కాలవవి. మధ్యలో చెడిపోయినా, బాగుచేసుకుంటూ ఇప్పటికీ వాడుతున్నారు. దగ్గర్లో త్రితోనె వీధిలో రినాషెంతె అనే పెద్ద షాపు ఉంది. దాని కింది అంతస్తులో ఆ కాలవ కమానులు కొన్ని అద్దం వెనక కనిపిస్తాయి. టికెట్ లేదు, ఏసీ ఉంటుంది, టాయిలెట్ ఉంటుంది. మధ్యాహ్నం అమ్మగారికి అదొక ఆసరా.

స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే 2019 నుంచి జరిమానా వేస్తున్నారు, కూర్చోలేని మెట్లకి మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. సత్యముఖం అనే రాతిబిళ్ల నోట్లో చెయ్యి పెట్టే క్యూ వద్దు. భూగర్భ సమాధులు, సాంత్ ఆంజెలో కోట లోపలి భాగం ఇంకోసారికి ఉంచండి. వీటి బదులు, స్టేషన్‌కి వెళ్లే దారిలో సాంతా మరియా మజ్జోరె చర్చిలో అరగంట కూర్చోండి. ఐదో శతాబ్దపు మొజాయిక్‌లు ఇంకా అక్కడే ఉన్నాయి. 2025లో చనిపోయిన పోప్ ఫ్రాన్సిస్ సమాధి కూడా అందులోనే ఉంది.

ఇక ఎండ. జూన్ ఆఖరులో ముప్పై డిగ్రీలు మామూలు. పొద్దున పదకొండు దాకా, మళ్లీ సాయంత్రం ఐదున్నర తర్వాత తిరగండి, మధ్యలో గదికి వచ్చి పడుకోండి. పొద్దు వాలేసరికి తొమ్మిది కావస్తుంది, కాబట్టి పోయేదేమీ లేదు. నీళ్ల సీసాలు కొనకండి. వీధుల్లో నాసోనె అనే ఇనుప కుళాయిలు దాదాపు 2,500 ఉన్నాయి, రోజంతా చల్లటి మంచినీళ్లు వస్తుంటాయి. కుళాయి మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు.

టూరిస్టు బస్సు ఎందుకు వద్దన్నానంటే, పాత ఊరి సందుల్లోకి అది రాలేదు. పాంథియన్, నవోనా దగ్గర ఎక్కడో దింపుతుంది, ఆ నడక మిగిలే ఉంటుంది. మెట్రో, సిటీ బస్సుల్లో బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, ఒక్కొక్కరికి ఒక్కో కార్డు కావాలి. అమ్మగారితో ఉన్నప్పుడు స్టాండ్ నుంచి తెల్ల టాక్సీ తీసుకోండి. అందరూ ఒకే బండిలో పట్టాలి కాబట్టి పెద్ద బండి కావాలని ముందే చెప్పండి. విమానాశ్రయం నుంచి పాత ఊరికి స్థిర ధర ఉంటుంది, ఎక్కేముందు అడగండి. స్టేషన్ నుంచి వాటికన్ వెళ్లే 64 నంబరు బస్సులోనూ, మెట్రో తలుపుల దగ్గరా జేబుదొంగలు ఎక్కువ. పాస్‌పోర్టులు లోపలి జేబులో ఉండాలి. శుక్రవారాల్లో రవాణా సమ్మెలు మామూలే, టెన్షన్ పడకుండా ముందురోజు వార్త చూసుకోండి. బస కోసం వాటికన్ పక్కన ప్రాతి ప్రాంతం చూడండి, నేల చదును. పాత భవనాల్లో లిఫ్ట్ ఉందో లేదో, లిఫ్ట్ దాకా ఎన్ని మెట్లున్నాయో రాసి అడిగి గాని బుక్ చేయకండి.

తిండి గురించి వివరంగా చెబుతాను, మన శాకాహారులు ఇక్కడే దెబ్బతింటారు. మాంసం కనిపించకపోయినా లోపల ఉంటుంది. సుప్లీ అనే అన్నం ఉండల్లో సంప్రదాయంగా మాంసం సాస్ కలుపుతారు. గుమ్మడిపూల బజ్జీల్లో ఆంకోవీ అనే చిన్న చేప పెడతారు. పుంతరెల్లె ఆకుల సలాడ్‌లోనూ అదే. రోమ్‌లో పిజ్జా పేరు నాపోలి అని ఉంటే దానిమీద కూడా ఆ చేపే. సూపుల్లో మాంసం నీళ్లు వాడొచ్చు. కాచో ఎ పెపె అనే మిరియాల పాస్తా చాలా బాగుంటుంది, కానీ అందులో వేసే పెకొరీనో జున్నుని గొర్రెపిల్ల పొట్టలోంచి తీసిన పదార్థంతో తోడుపెడతారు. అమ్మగారికి అది పట్టింపో కాదో ముందే అడిగి తెలుసుకోండి. ఏ అనుమానమూ లేనివి కావాలంటే జున్ను లేని మరినారా పిజ్జా, జున్ను వేయొద్దని చెప్పి ఆరాబ్యాతా పాస్తా (ఎండుమిర్చి కారంతో ఉంటుంది, మనకి నచ్చుతుంది), వెల్లుల్లితో వేయించిన చికోర్యా ఆకుకూర. ఆర్డర్ చేసేటప్పుడు "సెన్సా కార్నె, సెన్సా పేషె, సెన్సా అచ్చూగె" అనండి, మాంసం, చేప, ఆంకోవీ వద్దని అర్థం. ప్రసిద్ధమైన వేయించిన ఆర్టిచోక్‌లకి జూన్ కాలం కాదు, అడగొద్దు. మూడోనాటికి అన్నం, పప్పు మీదికి మనసు పోతే స్టేషన్ దగ్గర ఎస్క్విలీనో మార్కెట్ చుట్టుపక్కల భారతీయ, బంగ్లాదేశీ దుకాణాలున్నాయి. పచ్చిమిర్చి, కొత్తిమీర, బియ్యం దొరుకుతాయి. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే అమ్మగారికి ఆ బెంగ ఉండదు.

తేదీలు ఖరారు చేసేముందు ఇంకొక్కటి చూసుకోండి. జూన్ 29 సెయింట్ పీటర్, సెయింట్ పాల్ పండగ, రోమ్ నగరానికి సెలవు. ఆ రోజు వాటికన్ మ్యూజియాలు మూసి ఉంటాయి, సెయింట్ పీటర్స్ దగ్గర జనం విపరీతంగా ఉంటారు. మీ మూడు రోజుల్లో అది పడితే, ఆ పూట కొలోసియం, సాన్ క్లెమెంతె వైపు పెట్టుకోండి. టికెట్లు కొనేటప్పుడు మొదట కొలోసియం, తర్వాత వాటికన్, ఆ తర్వాత పాంథియన్. ఈ మూడూ చేతికొచ్చాకే విమానం టికెట్ల సమయాలు చూసుకోండి. తేదీలు ఇక్కడ రాస్తే ఏ పూట ఏది పెట్టాలో సర్ది చెబుతాను.